నత్తలు చచ్చిపోతున్నాయి, రాళ్ళ మీద నాచు మాత్రం తగ్గట్లేదు (45 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్)

ఉప్పుతొట్టి

అందరికీ నమస్తే. చాలా రోజుల నుంచి ఇక్కడ పోస్టులు చదువుతున్నా కానీ అడగడం ఇదే మొదటిసారి, కాస్త పెద్ద పోస్టు అయిపోయింది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నాది 45 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్, పెట్టి ఐదు నెలలైంది. రెండు చిన్న క్లౌన్ ఫిష్, ఒక గోబీ చేప, నాలుగు రకాల సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడాలు) ఉన్నాయి, ఇసుక ఓ రెండు సెంటీమీటర్ల మందం, రాయి ఐదారు కిలోలు ఉంటుంది. మొదటి రెండు నెలలు బాగానే ఉంది, మధ్యలో గోధుమ రంగు పొడి లాంటిది ఇసుక మీద పరుచుకుంది కానీ కొత్త ట్యాంకుల్లో అది మామూలే అని చదివి వదిలేశా, దానంతట అదే పోయింది. మూడో నెల నుంచి రాళ్ళ మీద పచ్చటి జుట్టు లాంటి నాచు మొదలైంది. మొదట్లో ముచ్చటేసింది కూడా, నీళ్ళలో ఊగుతుంటే అందంగా ఉండేది, ఇప్పుడు చూస్తే ఒక్కో చోట నా వేలంత పొడవైంది, కోరల్స్ మొదళ్ళలోకి పాకిపోతోంది, ఒక కోరల్ అయితే వారం నుంచి విచ్చుకోవడమే మానేసింది.

కొన్న చోట అడిగితే నత్తలు వేసేయండి అన్నీ అవే తినేస్తాయి అన్నారు, సరే అని 15 నత్తలు, 6 హెర్మిట్ పీతలు ఒకేసారి తెచ్చి వేశా. నత్తల్లో ఆరు ఆస్ట్రియా రకం, ఐదు నాసేరియస్ రకం, నాలుగు సెరిత్ రకం. వారం తిరక్కుండా అద్దాలు తళతళలాడిపోయాయి, చిన్న పచ్చ మచ్చ కూడా లేదు. రాళ్ళ మీది జుట్టు మాత్రం ఎక్కడిదక్కడే, దాని మీదకి ఎక్కుతాయి దిగుతాయి కానీ తినవు. ఇప్పటికి నెలన్నర అయింది, ఆస్ట్రియాల్లో మూడు పోయాయి, నిన్న ఇంకోటి ఇసుకలో వెల్లకిలా పడి ఉంటే తీసి రాయి మీద పెట్టా, పొద్దున లేచి చూస్తే మళ్ళీ కిందే ఉంది.

టెస్టుల్లో నైట్రేట్ 2 పీపీఎం, ఫాస్ఫేట్ 0.02 పీపీఎం, ఉప్పు (సాపేక్ష సాంద్రత) 1.025, వేడి 26 డిగ్రీలు. లైట్ రోజుకి 12 గంటలు, చేపలకి మేత రెండు పూటలా, వారానికోసారి 4 లీటర్ల నీళ్ళు మారుస్తా, ఆవిరైపోయిన దానికి బదులు ఇంట్లో తాగే ప్యూరిఫైయర్ నీళ్ళే పోస్తున్నా.

నాకు అర్థం కానిది ఏంటంటే ట్యాంక్ నిండా నాచు ఉండగా నాచు తినే జీవాలు ఆకలితో చస్తాయా అసలు? ఇంకా నత్తలు వేయాలా ఉన్నవి తీసేయాలా? సీ హేర్ (పైకి గుల్ల కనపడని పెద్ద సముద్రపు నత్త) ఒక్కటి వేస్తే రెండు వారాల్లో ఊడ్చేస్తుందని ఒకరు, అర్చిన్ (ముళ్ళ బంతి లాంటి సముద్ర జీవి) వేయమని ఇంకొకరు చెప్పారు. పైగా ఫాస్ఫేట్ అంత తక్కువ చూపిస్తుంటే నాచు దేన్ని తిని పెరుగుతోంది? పోయినవి పోయాయి, ఉన్నవాటినైనా బతికించుకోవాలని ఉంది, కళ్ళ ముందు అలా ఒక్కోటి పోతుంటే చూడలేకపోతున్నా.

గులకరాయి

నమస్తే అండి. ముందు మీ అసలు ప్రశ్నకి జవాబు, అవును, చస్తాయి. మీ ట్యాంకులో ఉన్నది మీ నత్తల మేత కాదు. నత్త నోట్లో ఉండేది చిన్న ఆకురాయి లాంటి నాలుక, దాంతో అద్దం మీదా రాయి మీదా పరుచుకున్న పలచటి పొరని గీక్కుని తింటుంది. బీడు భూమిలో లేత గడ్డి ఉన్నప్పుడు గొర్రెల్ని తోలితే కొరికి నున్నగా చేసేస్తాయి, అదే గడ్డి నిలువెత్తు ముదిరిపోయాక తోలితే దాని చుట్టూ తిరుగుతాయే తప్ప మూతి పెట్టవు, ఇదీ అంతే. జుట్టు నాచు ఒకటి రెండు సెంటీమీటర్లు దాటిందంటే ఎక్కువ రకాల నత్తలు దాని జోలికి పోవు. మీ 15 నత్తలూ వారంలో అద్దం మీద పొర మొత్తం లాగించేశాయి, ఆ తర్వాత వాటికి మిగిలింది పస్తులే.

రెండోది, ఆ 15 లో ఐదు నాసేరియస్ అన్నారు కదా, అవి నాచు తినే నత్తలే కాదు. పగలంతా ఇసుకలో దాక్కుని, మీరు మేత వేయగానే తొండం పైకెత్తుకుని బయటికొస్తాయి చూడండి, అవి మిగిలిపోయిన మేత, చచ్చిన మాంసం తినే రకం. మంచివే, ఉంచుకోండి, కానీ నాచు లెక్కలో వాటిని కలపొద్దు. సెరిత్‌లు రాత్రి తిరుగుతాయి, ఇసుక మీద, అద్దానికీ ఇసుకకీ మధ్య అంచుల్లో బాగా పనిచేస్తాయి. ఆస్ట్రియా కష్టపడే నత్తే కానీ దానికో లోపం ఉంది, చదునైన ఇసుకలో వెల్లకిలా పడితే తనంతట తాను తిరగబడలేదు, అలాగే ఉండిపోయి నీరసించి పోతుంది, లేదా పీతల పాలవుతుంది. ట్రోకస్ అనే రకం నత్త అయితే తిరగబడగలదు, అందుకే చిన్న ట్యాంకులకి నేను ట్రోకసే చెప్తా. మీ ఆస్ట్రియా పదే పదే పడిపోతోందంటే పట్టు తప్పుతోంది, అంటే ఒంట్లో సత్తువ లేదు.

ఫాస్ఫేట్ సంగతి. టెస్ట్ కిట్ చూపించేది నీళ్ళలో మిగిలి ఉన్నదాన్ని మాత్రమే. చేపల మేత నుంచి, రెట్టల నుంచి వచ్చేది వచ్చినట్టు నాచు లాక్కుంటూ ఉంటే నీళ్ళలో ఏం మిగులుతుంది? మీ ఫాస్ఫేట్ మొత్తం ఆ పచ్చటి జుట్టు రూపంలో రాళ్ళ మీద ఉంది. పైగా రాయి అంటే కాల్షియం కార్బొనేట్, అది ఫాస్ఫేట్‌ని పట్టి ఉంచుకుని నీళ్ళలో తగ్గినప్పుడల్లా నెమ్మదిగా వదులుతుంది, నాచు వేళ్ళూనుకున్నది సరిగ్గా ఆ రాయి మీదే.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్నది. నత్తలు నాచుని ట్యాంక్ నుంచి బయటికి పంపించవు. తింటాయి, రెట్ట వేస్తాయి, అందులో ఉన్న నైట్రోజన్ ఫాస్ఫరస్ చాలావరకు మళ్ళీ నీళ్ళలోకే వస్తాయి, మళ్ళీ నాచే అవుతుంది. నత్త చేసే మేలు నాచుని ఎప్పుడూ పొట్టిగా, పలచగా ఉంచడం, అంతవరకే. బయటికి పంపే పని మీ చేతులది. పీకి బయట పడేసిన ప్రతి పిడికెడు నాచుతో ట్యాంకులోని ఎరువు అంత బయటికి పోయినట్టే, దాన్ని నత్త తింటే ఆ ఎరువు లోపలే తిరుగుతుంది. నత్త చచ్చి లోపలే కుళ్ళిందనుకోండి, తిన్నది కూడా అమ్మోనియాగా తిరిగొచ్చేస్తుంది, 45 లీటర్లలో ఒక పెద్ద నత్త కుళ్ళడం చిన్న విషయం కాదు.

కాబట్టి ఈ వారం చేయాల్సింది, నీళ్ళు మార్చే రోజు ఆ తీసిన ట్యాంక్ నీళ్ళనే బకెట్లో పెట్టుకుని, తీయగలిగిన రాయి ఒక్కోటి అందులో ముంచి ముందు వేళ్ళతో మొదలంటా పీకండి, తర్వాత కొత్త టూత్ బ్రష్‌తో రుద్దండి, అదే బకెట్లో జాడించి లోపల పెట్టేయండి. ట్యాంకులోనే రుద్దితే తెగిన ముక్కలు పోయి ఇంకోచోట అతుక్కుని మొలుస్తాయి. తీయడానికి కుదరని రాయి ఉంటే నీళ్ళు తీసే పైపు మూతిని పక్కనే పెట్టుకుని పీకండి, ముక్కలు పైపులోకే పోతాయి. అన్ని రాళ్ళూ ఒకే రోజు చేయకండి, వారానికి మూడో వంతు చాలు. ఇలా నున్నగా అయిన రాయి మీద కొత్తగా మొలిచే లేత పొర ఉంటుంది చూడండి, అదీ మీ నత్తల మేత.

లైట్ 12 గంటలు ఎక్కువ, 8 కి తగ్గించండి. మేత ఒక పూట చాలు, రెండు పూటలా వేయాలనే ఉంటే ఒక్కో పూట సగం వేయండి.

ప్యూరిఫైయర్ నీళ్ళని ఒకసారి టీడీఎస్ మీటర్‌తో (నీళ్ళలో ఎన్ని లవణాలు కరిగి ఉన్నాయో చూపించేది) చూసి చెప్పండి. తాగే నీళ్ళ మిషన్లు చాలావాటిలో రుచి కోసం లవణాలు మళ్ళీ కలుపుతారు. మీ సైజు ట్యాంకులో రోజుకి 700 మిల్లీలీటర్లు ఆవిరవుతాయనుకుంటే నెలకి 21 లీటర్లు, అంటే ట్యాంకులో దాదాపు సగం. నీళ్ళు పోతాయి కానీ అందులో వచ్చిన లవణాలు పోవు, నెల నెలా పేరుకుంటూనే ఉంటాయి.

పగడపుతీగ

గులకరాయి గారు చెప్పిన ప్రతి మాటకీ నా ఓటు. నేను నత్తల గురించి కొంచెం కలుపుతా, ఎందుకంటే నేనూ మొదట్లో ఇలాగే డజన్ల లెక్కన వేసి పోగొట్టుకున్నా, ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

మీరు నత్తల్ని ఎలా దింపారు? అవి తెచ్చిన కవర్‌ని ట్యాంక్ నీళ్ళలో తేలేసి పావుగంట తర్వాత వదిలేశారా? నత్తలకీ పీతలకీ ఉప్పు మోతాదు ఒక్కసారిగా మారితే తట్టుకోలేవు, అమ్మే చోట నీళ్ళు 1.020 దగ్గర ఉండి మన దగ్గర 1.025 ఉంటే ఆ దెబ్బ వెంటనే కనపడదు, నాలుగు రోజులో వారమో ఆగి చనిపోతాయి, మనమేమో ఆకలి అనుకుంటాం. సన్నటి గాలి పైపుకి ముడి వేసి చుక్కలు చుక్కలుగా మన ట్యాంక్ నీళ్ళు గంట నుంచి రెండు గంటల సేపు వాటి డబ్బాలో పడనివ్వాలి, చేపల కంటే వీటికే ఎక్కువ ఓపిక కావాలి.

ఇక హెర్మిట్లు. ఆరు ఎక్కువ బ్రో ఆ ట్యాంకుకి. అవి ఆకలేస్తేనే కాదు గుల్ల నచ్చితే కూడా నత్తని చంపేస్తాయి, నత్తని లాగి పారేసి ఆ గుల్లలో దూరిపోతాయి. పోయిన మూడు ఆస్ట్రియాల గుల్లలు ఎక్కడున్నాయో చూడండి, పీత వీపు మీద కనపడితే సంగతి తెలిసిపోయినట్టే, చంపి తీసుకుందో చచ్చాక తీసుకుందో మాత్రం చెప్పలేం. మీరు చేయగలిగింది ఒకటుంది, పీతలు ఇప్పుడున్న గుల్లల కన్నా కాస్త పెద్ద సైజువి, పది పన్నెండు ఖాళీ గుల్లలు ఇసుకలో ఒక మూల పోయండి. నా ట్యాంకులో అలా పోశాక నత్తల మీద దాడులు బాగా తగ్గాయి. సముద్రపు గుల్లలే వాడండి, రంగులు వేసినవి అస్సలు వద్దు.

నత్త చచ్చిందా లేదా అని అనుమానం ఉంటే బయటికి తీసి వాసన చూడండి, చచ్చినది ఒక్క క్షణంలో తెలిసిపోతుంది, ఆ వాసన మర్చిపోలేరు. బతికున్నది గుల్ల నోటి మూత మీద మెల్లగా తాకితే లోపలికి ముడుచుకుంటుంది. నీరసంగా ఉన్న ఆ ఆస్ట్రియాని చిన్న బుట్టలో వేసి ట్యాంకులోనే ఒక పక్కన వేలాడదీయండి, వేలి గోరంత నోరి ముక్క, అదే ఎండబెట్టిన సముద్రపు నాచు షీట్, ఉప్పూ నూనే కలపనిది, రాయికి రబ్బర్ బ్యాండ్‌తో కట్టి దాని ముందు పెట్టండి. రాత్రి పెట్టి పొద్దున మిగిలింది తీసేయండి. నా దగ్గర ఇలా రెండు కోలుకున్నాయి.

చేపలకి రాగి ఉన్న మందు ఎప్పుడైనా ఆ ట్యాంకులో వాడారా? వాడి ఉంటే చెప్పండి, రాగి కొద్దిగా ఉన్నా నత్తలూ పీతలూ బతకవు, రాళ్ళు దాన్ని పట్టి ఉంచుకుంటాయి కూడా.

చిరుకెరటం

నాకూ ఇదే సమస్య, థ్రెడ్ ఫాలో అవుతున్నా. నాది 60 లీటర్లు. లాన్‌మోవర్ బ్లెన్నీ అని ఒక చేప ఉందట కదా, నాచు తప్ప వేరే ఏదీ తినదట, అది ఒక్కటి వేసుకుంటే ఈ నత్తల గొడవే ఉండదు కదా?

ఉప్పుతొట్టి

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, గులకరాయి గారికీ పగడపుతీగ అక్కకీ చాలా థాంక్స్.

ఇవాళ వెళ్ళి చూశా. రెండు ఆస్ట్రియా గుల్లలు నిజంగానే పీతల వీపుల మీద ఉన్నాయి, మూడోది ఖాళీగా రాయి వెనకాల ఉంది. రాగి మందు వాడలేదు. కవర్ మాత్రం మీరన్నట్టే ఇరవై నిమిషాలు తేలేసి వదిలేశా, ఎవరూ చెప్పలేదు, చదివింది కూడా చేపల గురించే. టీడీఎస్ మీటర్ మా ఫ్రెండ్ దగ్గర తెచ్చి చూస్తే 64 చూపించింది, సున్నా ఉండాలని ఇప్పుడే తెలిసింది. ఆస్ట్రియాని బుట్టలో పెట్టా.

ఇంకో సందేహం, ఫాస్ఫేట్ తీసేసే గుళికల మీడియా ఉంటుంది కదా, జీఎఫ్‌ఓ అంటారు, అది ఫిల్టర్లో వేసి ఫాస్ఫేట్ పూర్తిగా సున్నా చేసేస్తే నాచు తిండి లేక అదే చచ్చిపోతుంది కదా, పీకే పని తప్పుతుంది. ఎందుకు ఎవరూ చెప్పలేదు?

నీలికెరటం

ఆ పని మాత్రం చేయకండి, అది చదివే లాగిన్ అయ్యా.

నేను చేశాను కాబట్టి చెప్తున్నా. నాది అప్పట్లో 50 లీటర్లు, ఇదే జుట్టు నాచు, విసిగిపోయి జీఎఫ్‌ఓ మోతాదుకి మించి వేసి, దానికి తోడు చేపలకి మేత బాగా తగ్గించి, మూడు వారాల్లో నైట్రేట్ ఫాస్ఫేట్ రెండూ సున్నాకి తెచ్చా. జుట్టు నాచు నిజంగానే తెల్లబడి పోయింది, నేను గెలిచాననుకున్నా, సరిగ్గా పది రోజులకి ఇసుక మీద గోధుమ రంగు చీమిడి లాంటిది మొదలైంది, తీగలు తీగలుగా సాగుతూ మధ్యలో గాలి బుడగలతో, పగలు పెరగడం రాత్రి లైట్ ఆరాక తగ్గడం. అవి డైనోఫ్లాజెలేట్లు, అంటే ఏకకణ జీవులు, డైనోలు అంటాం. వాటిలో కొన్ని రకాలు విషం, వాటిని తిన్న నత్తలు పోతాయి, నా ట్యాంకులో ఉన్న తొమ్మిది ట్రోకస్‌లూ నాలుగు రోజుల్లో పోయాయి. జుట్టు నాచూ, రాయి మీద ఉండే మామూలు పొరలూ, బ్యాక్టీరియా ఇవన్నీ ఆ చోటుని ఆక్రమించుకుని ఉన్నంతకాలం డైనోలకి చోటు దొరకదు, అన్నిటికీ తిండి ఆపేసి మనమే చోటు ఖాళీ చేసి ఇస్తే అవి వచ్చి కూర్చుంటాయి. తర్వాత నేను నైట్రేట్ ఫాస్ఫేట్ మళ్ళీ కావాలని కలిపి పెంచుకుని బాగుచేసుకోవడానికి మూడు నెలలు పట్టింది. జుట్టు నాచు అయితే చేత్తో పీకొచ్చు, డైనోల్ని పీకడం ఉండదు.

అందుకే సున్నా మీ లక్ష్యం కాదు. నైట్రేట్ 2 నుంచి 10 మధ్య, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే చాలు, మీ సాఫ్ట్ కోరల్స్‌కి కూడా అది కావాలి. పీకడం మొదలుపెట్టాక మీ ఫాస్ఫేట్ కొంచెం పెరిగినట్టు చూపిస్తుంది, కంగారు పడకండి, లాక్కునే నాచు తగ్గింది కాబట్టి నీళ్ళలో కనపడుతుంది అంతే.

పీకే పని తగ్గించుకోవాలంటే దానికో దారి ఉంది, కీటో పెంచండి. కీటోమార్ఫా, స్క్రబ్బర్ పీచు లాగా గట్టిగా చిక్కులుచిక్కులుగా ఉండే పచ్చటి నాచు, రాయికి అతుక్కోదు. ట్యాంక్ వెనకాల తగిలించే చిన్న డబ్బాలోనో ట్యాంకులోనే ఉండే వెనక అరలోనో పెట్టి దానికి విడిగా చిన్న లైట్ పెట్టండి, ట్యాంక్ లైట్ ఆరాక అది వెలిగేలా టైమర్ వేస్తే రాత్రి పీహెచ్ పడిపోకుండా కూడా సాయం చేస్తుంది. డబ్బా నిండాక సగం తీసి పారేయడమే. నాచుని గెలవాలంటే మనకి కావలసిన నాచుని మనకి కావలసిన చోట పెంచాలి. కానీ ఇప్పుడే కాదు, ముందు రాళ్ళ మీదది పీకేయండి, రెండూ ఒకేసారి ఉంటే మీ నీళ్ళలో ఉన్న కాస్త ఎరువు కీటోకి అందదు, అది తెల్లబడి కరిగిపోయి మళ్ళీ ఎరువే అవుతుంది.

నాచు తినేవాటి విషయంలో ఇంకొక్క మాట. ఒక్క రకాన్ని నమ్ముకోకండి. సముద్రంలోనే ఇది జరిగింది, కరీబియన్ దీవుల పగడపు దిబ్బల మీద అప్పటికే చేపల్ని విపరీతంగా పట్టేయడం వల్ల నాచు తినే చేపలు తగ్గిపోయి, ఆ పని మొత్తం పొడుగు ముళ్ళ నల్ల అర్చిన్ డయాడెమా ఒక్కటే చేస్తుండేది. 1983 లో రోగం వచ్చి ఏడాది తిరిగేసరికి అక్కడి డయాడెమాల్లో నూటికి తొంభైకి పైగా చచ్చిపోయాయి, ఆ పని అందుకోవడానికి ఇంకెవరూ లేరు. జమైకా దిబ్బల మీద 1977 లో 52 శాతం దాకా ఉన్న పగడం 1990ల మొదట్లో 3 శాతానికి పడిపోయింది, నాచు 4 శాతం నుంచి 92 శాతానికి పోయింది. తుపాన్లు కూడా దెబ్బతీశాయి అనుకోండి, కానీ విరిగిన పగడం మళ్ళీ లేవకుండా చేసింది ఆ నాచే. కాబట్టి అద్దానికి ఒక రకం, ఇసుకకి ఒక రకం, రాతి సందులకి ఒక రకం, తలా రెండు మూడు చొప్పున ఉండాలి, ఒకటి పోయినా ఇంకోటి అందుకుంటుంది.

గులకరాయి

నీలికెరటం గారి డైనో కథ కొత్తవాళ్ళందరూ చదవాలి. అయితే కీటో మీద నాది కొంచెం వేరే మాట, 45 లీటర్లు, మూడు చేపలకి అది అవసరం పడదు, నీళ్ళు మార్చడం, చేత్తో పీకడం సరిపోతాయి. పెద్ద ట్యాంక్ అయితే నేనూ కీటోనే చెప్తా.

చిరుకెరటం గారూ, లాన్‌మోవర్ బ్లెన్నీ వద్దండి 60 లీటర్లలో. అది 13, 14 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మీ ట్యాంకులో నాచు నెలలో అయిపోతుంది, అయిపోయాక కొన్ని వేసిన మేత అలవాటు చేసుకుంటాయి కొన్ని చేసుకోవు, చేసుకోనివి కడుపు లోపలికి పోయి చిక్కి చిక్కి చనిపోతాయి. మీకు చేపే కావాలంటే టెయిల్‌స్పాట్ బ్లెన్నీ చిన్నది, 6 సెంటీమీటర్ల లోపే ఉంటుంది, పొర నాచు గీక్కుంటుంది, వేసిన మేత కూడా తింటుంది, కానీ అది జుట్టు నాచుకి మందు అనుకోకండి.

సీ హేర్ గురించి అందరం మర్చిపోయాం. జుట్టు నాచు నిజంగా తినే జీవి అదే, అందుకే అందరూ చెప్తారు. ఊడ్చేశాక దాని గతేంటి? దానికి వేరే తిండి దాదాపు ఉండదు, 45 లీటర్లలో రెండు వారాలకే పస్తు మొదలవుతుంది. భయపడితే సిరా లాంటిది వదులుతుంది, పంపు మూతికి చిక్కుకుని చచ్చిందంటే ఇంత చిన్న నీళ్ళలో మిగతావాటికీ ముప్పే. ఒకరి దగ్గర అరువు తెచ్చి పని అయ్యాక తిరిగిచ్చే వీలుంటే తప్ప తేవద్దు. అర్చిన్ కూడా అంతే, చక్కటి జీవి కానీ రాళ్ళ మీద పెరిగే ఊదారంగు కోరలైన్ నాచు గట్టి పొర కూడా గీకేస్తుంది, అతికించని చిన్న కోరల్ ముక్కల్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతుంది, మీ ట్యాంకులో దానికి ఏడాది పొడుగునా సరిపడా మేత లేదు.

ఎన్ని నత్తలు అనేదానికి లీటర్లని బట్టి చెప్పే లెక్కలు చాలా చూస్తారు, వాటిని పట్టించుకోకండి. లీటర్లు కాదు నత్త తినేది. ఉప్పుతొట్టి గారూ, ముందు అద్దం మొత్తం మీరే తుడవండి, ఎన్ని రోజులకి లోపలి చేపలు మసకగా కనపడేంత పొర వస్తుందో లెక్కపెట్టుకోండి. మూడు నాలుగు రోజులకి పొర కడుతోందంటే ఉన్న నత్తలకి మేత ఉంది. వారం పది రోజులైనా అద్దం తుడిచినట్టే ఉందంటే నత్తలు ఎక్కువైనట్టు, ఒకటి రెండు ఎవరికైనా ఇచ్చేయండి లేదా నోరి పెట్టండి. రెండు రోజులకే పచ్చబడుతోందంటే నత్త తేవడానికి పరిగెత్తకుండా ముందు మేత, లైట్ చూసుకోండి. ఇప్పుడు ఎంత నాచు నిలబడి ఉందన్నది కాదు రోజుకి ఎంత మొలుస్తోందన్నది చూసి నత్తల్ని ఉంచుకోవాలి, మీరు నిలబడి ఉన్నదాన్ని చూసి 15 తెచ్చారు, మొలిచేది మాత్రం నాలుగైదింటికి సరిపోయేంతే.

పగడపుతీగ

వెనక అద్దం మాత్రం తుడవకండి, ఒక్క ముందు అద్దమే తుడిచి వెనకదీ పక్కదీ వాటికి వదిలేయండి. మనకి కనపడేది ముందుదే కదా, వాటికి అదే పొలం.

ఉప్పుతొట్టి

ఏడు వారాల తర్వాత రాస్తున్నా, లేటైనందుకు సారీ, ఫలితం చూశాకే రాద్దామని ఆగా.

మూడు వారాలు వరుసగా రాళ్ళు మూడో వంతు చొప్పున బకెట్లో పీకి రుద్దా, మొదటివారం వచ్చిన నాచు పిండితే రెండు గుప్పిళ్ళు ఉంది, నాలుగో వారం నుంచి వేళ్ళ మధ్య పట్టుకోవడానికి కూడా దొరకట్లేదు, రెండు చోట్ల మాత్రం మళ్ళీ మళ్ళీ మొలుస్తోంది, అక్కడ పీకుతూనే ఉన్నా. లైట్ 8 గంటలు, మేత ఒక పూట. నీళ్ళకి విడిగా, మిగిలిన లవణాలు తీసేసే డీఐ కాట్రిడ్జ్ తగిలించా, టీడీఎస్ ఇప్పుడు 0. మొదటి రెండు వారాలు ఫాస్ఫేట్ 0.08 కి పోయింది, నీలికెరటం గారు ముందే చెప్పబట్టి కంగారు పడలేదు, ఇప్పుడు 0.05 దగ్గర ఆగింది, నైట్రేట్ 5. జీఎఫ్‌ఓ కొనలేదు.

నాలుగు పీతల్ని ఇంకో ట్యాంక్ ఉన్నాయనకి ఇచ్చేశా, ఉన్న రెండింటికీ గుల్లలు పోశా, అందులో ఒకటి రెండు వారాల్లో మూడుసార్లు ఇల్లు మారింది, గంటలు గంటలు కూర్చుని చూశా దాన్ని. ఆస్ట్రియా ఇంకోటి పోయింది, బుట్టలో పెట్టింది మాత్రం నోరి తిని కోలుకుంది, ఇప్పుడు రాయి మీద దాని పట్టు చూస్తే మీరు నమ్మరు, లాగినా రావట్లేదు. అంటే ఆస్ట్రియాలు రెండు, సెరిత్‌లు నాలుగు, మొత్తం నాచు తినేవి ఆరు. ముందు అద్దం తుడిస్తే ఐదో రోజుకి మసకబడుతోంది, ఆరు సరిపోయాయా ఎక్కువా అని మీరే చెప్పాలి. ముడుచుకుపోయిన కోరల్ మొన్న సగం విచ్చుకుంది.

వెనక అద్దం మీద నిన్న రాత్రి టార్చ్ వేసి చూస్తే సన్నటి తెల్లటి దారం వంకరటింకరగా అతికించినట్టు ఉంది, పక్కనే సెరిత్ ఉంది. అవి గుడ్లేనా?

పగడపుతీగ

గుడ్లే! సెరిత్‌లవే, దారం లాగే పెడతాయి. ఎక్కువ భాగం పొదిగినా బతకవు, చేపలూ పంపూ పట్టుకుపోతాయి, ఎప్పుడో ఒకటీ అరా మిగలొచ్చు. కానీ పస్తులుండే నత్త గుడ్లు పెట్టదు, వాటికి కడుపు నిండుతోంది. ఆరు ఉంచుకోండి. ఆ మూల తుడవకండి.